చిన్న ఇంట్లో భోజనబల్ల - కొనే ముందు కొలవండి

పెండ్లి సామానుతోపాటు డైనింగ్ టేబుల్ పంపడం ఈ రోజుల్లో మన పల్లెల్లో కూడా ఆనవాయితీ అయ్యింది. మంచం, బీరువా, ఫ్రిజ్ దిగిన తరువాత ఆరు కుర్చీల బల్ల కూడా ట్రాక్టరులోనుండి దిగుతుంది. చూసినవారందరూ సంతోషిస్తారు. అయితే ఆరు నెలల తరువాత అదే ఇంటికి వెళ్లి చూడండి. బల్ల ఒక మూలకు జరిగి ఉంటుంది. దానిమీద ఉతికిన బట్టలు, పిల్లల పుస్తకాల సంచులు, మిక్సీ, పెద్దవారి మందుల సీసాలు ఉంటాయి. రెండు కుర్చీలు వరండాలోకి, రెండు పెరట్లోకి చేరుకుంటాయి. ఇంటివారు మాత్రం ఎప్పటిలాగే క్రింద చాప పరచుకొని భోంచేస్తుంటారు.

ఇందులో బల్ల తప్పేమీ లేదు. గదికీ బల్లకూ పొందిక కుదరలేదు, అంతే. పొందిక కుదిరే బల్లను ఎలా ఎంచుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాము.

అసలు బల్ల అవసరమా?

ముందుగా ఈ ప్రశ్న వేసుకోవడం మంచిది. క్రింద కూర్చొని తినడం లోటూ కాదు, చిన్నతనమూ కాదు. జపాను దేశంలో చాలాకాలం కుటుంబాలు కాళ్లు మడతపెట్టే పొట్టి బల్ల చుట్టూ నేలమీదనే కూర్చొని తినేవి. దాన్ని వారు చాబుదాయ్ అంటారు. భోజనమైన తరువాత ఆ బల్లను గోడకు ఆనించి, అదే గదిలో పరుపులు వేసుకొని పడుకొనేవారు. కొరియాలో ఒకరిద్దరికి సరిపోయే సోబాన్ అనే చిన్న బల్లమీద వంటింట్లోనే అన్నీ అమర్చి, దాన్ని ఎత్తుకొని వచ్చి ముందు పెట్టేవారు.

మనలో అనేకుల ఇండ్లలో ప్రభువు కడరాత్రి భోజనపు పటం ఉంటుంది. అందులో కనిపించే ఎత్తైన పొడవాటి బల్ల, లియొనార్డో డావిన్సీ 1490లలో ఇటలీలోని మిలాన్ పట్టణంలో గోడమీద గీసిన చిత్రంనుండి వచ్చింది. యేసుక్రీస్తు కాలంలో యూదులు పండుగ భోజనానికి పొట్టి బల్ల చుట్టూ ప్రక్కకు ఒరిగి కూర్చొనేవారు. కాబట్టి బల్ల ఎత్తును బట్టి ఇంటికి గౌరవం రాదు.

మరి బల్ల ఎవరికి కావాలి? మోకాళ్ల నొప్పులతో క్రింద కూర్చోలేని, కూర్చుంటే లేవలేని అమ్మమ్మకు, తాతయ్యకు కావాలి. గర్భిణికి, ఆపరేషను అయినవారికి కావాలి. సాయంకాలం చదువుకొనే పిల్లలకు కావాలి. నాయనమ్మ ఒక్కతే మంచంమీద కూర్చొని, పళ్లెం ఒడిలో పెట్టుకొని తింటూ, మిగిలినవారు క్రింద ఒకచోట తింటున్న ఇంట్లో బల్ల విలాసం కాదు, ఆమెను తిరిగి అందరితో కూర్చోబెట్టే సాధనం. మీ ఇంట్లో ఇటువంటి కారణం ఉంటే బల్ల కొనండి. లేకపోతే మంచి చాప, నాలుగు పీటలు చాలు.

మన గదులు ఎంతెంత?

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం 2016లో మొదలైనప్పుడు ఇంటి కనీస వైశాల్యం వంట స్థలంతో కలిపి 25 చదరపు మీటర్లుగా పెట్టారు. అంటే సుమారు 269 చదరపు అడుగులు. తెలంగాణ ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. మన సొంత కట్టడాల్లోనూ ముందు గది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉండడం మామూలే. ఆ గదిలోనే టీవీ, మంచం, బీరువా ఉంటాయి. చుట్టాలు వస్తే అక్కడే పడుకుంటారు. కాటేజి ప్రార్థన జరిగితే చాపలు పరిచేదీ అక్కడే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాము. ఆరుగురి బల్ల 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు అనుకోండి. కుర్చీ వెనుకకు లాగి మనిషి కూర్చొని లేవడానికి ప్రతి ప్రక్కన రెండున్నర అడుగులు కావాలి. నాలుగు ప్రక్కలా కూర్చుంటే 10 అడుగులు, 8 అడుగులు, అంటే 80 చదరపు అడుగులు అవుతుంది. పదికి పది గదిలో నూరు చదరపు అడుగులుంటే, ఎనభై ఈ బల్లకే పోతాయి. అంగడిలో విశాలమైన హాలులో చూసినప్పుడు ముద్దుగా కనిపించిన బల్ల ఇంటికి వచ్చేసరికి ఏనుగులా కనిపించడానికి కారణం ఇదే.

గుర్తుంచుకోవలసిన కొలతలు

ఒక మనిషి మోచేతులు తగలకుండా తినడానికి బల్ల అంచున 24 అంగుళాలు కావాలి. చిన్నపిల్లలైతే కొంచెం తగ్గినా ఫరవాలేదు. ఒకరి పళ్లెం, గ్లాసు పట్టడానికి 12 నుండి 15 అంగుళాల లోతు కావాలి. కాబట్టి ఎదురెదురుగా కూర్చొనే బల్లకు 30 అంగుళాల వెడల్పు ఉంటే చాలు. బల్ల ఎత్తు సుమారు 30 అంగుళాలు, కుర్చీ ఎత్తు సుమారు 18 అంగుళాలు ఉండాలి. ఈ రెంటి మధ్య పన్నెండు అంగుళాలు ఉంటే తొడలు తగలవు, చేతులు ఎత్తి తినవలసిన పని ఉండదు. కూర్చున్నవారి వెనుకగా మరొకరు గిన్నె పట్టుకొని నడవాలంటే, బల్ల అంచునుండి గోడకు కనీసం మూడడుగులు వదలండి.

అంగడికి వెళ్లకముందే ఇంట్లో ఒక పని చేయండి. సుద్దముక్కతో నేలమీద బల్ల కొలత గీయండి. చుట్టూ కుర్చీలు లేదా స్టూళ్లు వేసి అందరూ కూర్చోండి. వంటింటినుండి అన్నం గిన్నె పట్టుకొని ఒకరు నడిచి చూడండి. బీరువా తలుపు, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటున్నాయా? రాత్రి పరుపు ఎక్కడ వేస్తారు? ఆ గీతను రెండు మూడు రోజులు చెరపకుండా ఉంచండి. ఇబ్బంది ఎక్కడ ఉన్నదో మీకే తెలుస్తుంది. వీధి గుమ్మం వెడల్పు కూడా కొలిచి పెట్టుకోండి. బల్ల గుమ్మంలో పట్టక వెనక్కు పంపినవారు ఉన్నారు.

స్థలం మిగిల్చే బల్లలు

రెక్కల బల్ల: దీని నడిమి భాగం 10, 12 అంగుళాలే ఉంటుంది. రెండు వైపులా రెక్కలు మడతబందులతో క్రిందికి వ్రేలాడుతాయి. రెక్క ఎత్తి, దాని క్రింద ఒక కాలును తలుపులా తిప్పి నిలబెడతారు. ఇంగ్లండులో 17వ శతాబ్దంనుండి ఈ రకం బల్లలు వాడుకలో ఉన్నాయి. ఒక రెక్క ఎత్తితే ఇద్దరికి, రెండూ ఎత్తితే నలుగురికి లేదా ఆరుగురికి సరిపోతుంది. మిగిలిన వేళ గోడ ప్రక్కన సన్నని అరలా నిలబడుతుంది. అప్పుడప్పుడు చుట్టాలు వచ్చే ఇంటికి ఇది చాలా అనుకూలం.

గోడ బల్ల: పలకను మడతబందులతో గోడకు బిగిస్తారు. కావలసినప్పుడు ఎత్తి క్రింద ఊతం పెడతారు, పని కాగానే దించుతారు. మూడడుగుల పొడవు, అడుగున్నర లోతు ఉంటే ఇద్దరు తినవచ్చు, ఒక పిల్లవాడు హాయిగా చదువుకోవచ్చు. అయితే దీనికి గట్టి ఇటుక గోడ లేదా కాంక్రీటు గోడ ఉండాలి. మట్టిగోడకు, పెళ్లలు ఊడుతున్న గోడకు బిగించవద్దు. పిల్లలు దానిమీదికి ఎక్కుతారు గనుక లోతుగా దిగే బోల్టులే వాడాలి.

మడతకాళ్ల బల్ల: ప్లాస్టిక్ లేదా ప్లైవుడ్ పలక, మడిచే ఇనుప కాళ్లు. అన్నిటికంటె తేలిక. భోజనమైన వెంటనే మడిచి మంచం క్రిందికి తోయవచ్చు. ప్రార్థనకూటం ఉన్న రాత్రి గది నిమిషంలో ఖాళీ అవుతుంది. కొనేటప్పుడు కాళ్లు విప్పి, తాళం సరిగా పడుతున్నదో లేదో చూడండి. బల్లను ఒక అంచున గట్టిగా నొక్కండి. అది లేచినా, ఊగినా తీసుకోవద్దు. వేడి సాంబారు గిన్నె ఉండే చోట ఊగే బల్ల ప్రమాదకరం.

బెంచీ బల్ల: బల్ల పొడవు ప్రక్కను గోడవైపు ఉంచి, గోడకు ఆనించి ఒక బెంచీ వేయండి. ఆ ప్రక్కన కుర్చీ లాగే స్థలం అవసరం లేదు. బయటి ప్రక్కన మరొక బెంచీ వేస్తే, పని కాగానే అది బల్ల క్రిందికి వెళ్లిపోతుంది. నాలుగడుగుల బెంచీమీద ఇద్దరు పెద్దలు లేక ముగ్గురు పిల్లలు కూర్చుంటారు. బెంచీని మూతగల పెట్టెలా చేయిస్తే దుప్పట్లు, పప్పుల డబ్బాలు దానిలో పెట్టుకోవచ్చు. పెద్దవారికి మాత్రం వీపు ఆనుకొనే, చేతులున్న కుర్చీ ఒకటి తప్పక ఉంచండి. చేతులమీద బలం పెట్టి లేవడానికి అది వారికి కావాలి.

గుండ్రని బల్ల: 36 అంగుళాల అడ్డకొలత ఉంటే నలుగురు సర్దుకొని కూర్చుంటారు. మూలలు ఉండవు గనుక పరుగెత్తే పిల్లలకు దెబ్బ తగలదు. నడిమిన ఒకే కాలు ఉన్నదైతే మోకాళ్లకు అడ్డం రాదు. అయితే దీన్ని గోడకు పూర్తిగా జరపలేము. చతురస్రంగా ఉన్న గదికే ఇది బాగుంటుంది.

కుర్చీల సంగతి మరువవద్దు. బల్లకంటె కుర్చీలే ఎక్కువ చోటు తింటాయి. ఒకదానిమీద ఒకటి పేర్చే కుర్చీలు, బల్ల క్రిందికి పోయే స్టూళ్లు మేలు. అమెరికాలో షేకర్లు అనే క్రైస్తవ సమాజంవారు గది చుట్టూ గోడకు చెక్క మేకులు కొట్టి, భోజనమైన తరువాత కుర్చీలను వాటికి తగిలించేవారు. నేల ఊడవడానికి కూడా అది సులువు. తేలికైన మడత కుర్చీలను మనమూ అలాగే తగిలించుకోవచ్చు.

చెక్క, బందులు

టేకు మన్నికైనది, ఖరీదైనది కూడా. మామిడిచెక్క చౌక. అయితే బాగా ఆరబెట్టి, పురుగు పట్టకుండా మందు వేసినదే తీసుకోవాలి. పచ్చి చెక్కతో చేసిన రెక్క వంకరపోయి, తరువాత మూయడానికి రాదు. పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు చూపుకు నునుపుగా ఉంటుంది గాని, అంచులోనుండి నీరు దిగితే ఉబ్బిపోతుంది. రోజూ తడిగుడ్డతో తుడిచే బల్లకు అది తగదు. ప్లైవుడ్ అయితే ఐఎస్ఐ గుర్తు చూడండి. ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది నీటికి బాగా తట్టుకుంటుంది.

మడతపెట్టే బల్లకు ప్రాణం మడతబందులే. రెక్క పొడవును బట్టి రెండు మూడు బందులు ఉండాలి. సముద్రతీర గ్రామాలలో ఇనుము త్వరగా తుప్పుపడుతుంది గనుక స్టెయిన్‌లెస్ స్టీలు లేక ఇత్తడి బందులు వేయించండి. రెక్క మూసేటప్పుడు పిల్లల వ్రేళ్లు నలగకుండా చూడాలి. ఆ పని పెద్దలే చేయాలి.

మీ ఊరి వడ్రంగి ఇటువంటి బల్ల చేయగలడు. నోటిమాటగా చెప్పక, పొడవు, వెడల్పు, ఎత్తు కాగితంమీద వ్రాసి, బొమ్మ గీసి ఇవ్వండి. మీ గది కొలతకు సరిపోయే బల్ల తరచుగా అంగడిలో కాక అతని దగ్గరే దొరుకుతుంది.

వాయిదాలమీద కొనేవారు నెలసరి వాయిదాను మాత్రమే చూడక, అన్ని వాయిదాలు, మొదట కట్టే రుసుము కలిపి కూడండి. దాన్ని రొక్కం ధరతో పోల్చండి. పొరుగింటివారి బల్లను చూసి అప్పు చేయవద్దు. ఆడపిల్లవారికి బరువయ్యే ఆరు కుర్చీల బల్లకు బదులు, కొత్త దంపతులకు రెక్కల బల్ల, రెండు కుర్చీలు చాలునని మగపిల్లవానివారే చెప్పగలిగితే ఎంత బాగుంటుంది!

అమ్మకు చోటున్నదా?

చివరిగా ఒక మాట. బల్లకు ఎన్ని కుర్చీలు అని లెక్కించేటప్పుడు మన ఇండ్లలో తరచుగా ఒకరిని వదలివేస్తాము. నాన్న, ఇద్దరు పిల్లలు, తాతయ్య కలిసి నలుగురు అంటాము. వడ్డించే అమ్మ లెక్కలో ఉండదు. ఆమె అందరూ తిన్న తరువాత పొయ్యి దగ్గర కూర్చొని, అడుగున మిగిలిన చల్లారిన కూరతో తింటుంది. కూర అయిపోతే పచ్చడితో సరిపెట్టుకుంటుంది. వడ్డించే మనిషికి చోటు లేని బల్ల ఎంత ఖరీదైనదైనా ఆ ఇంటికి చాలని బల్లే.

దీనికి పెద్ద బల్ల అవసరం లేదు. ఐదుగురున్న ఇంట్లో ఐదవ స్టూలు వేయండి. గిన్నెలన్నీ ముందుగానే బల్లమీదికి తెచ్చి నడుమ పెట్టండి. బల్ల ఇరుకైతే ప్రక్కన ఒక ఎత్తుపీటమీద పెట్టండి. ఎవరికి కావలసినది వారు వడ్డించుకోండి. మంచినీళ్ల చెంబు తేవడం ఒక బిడ్డ పని, తిన్న తరువాత బల్ల తుడిచి రెక్క దించడం ఇంకొక బిడ్డ పని, కుర్చీలు పేర్చడం నాన్న పని. అప్పుడు అమ్మ కూడా అందరితో కూర్చొని స్తుతి చెల్లించి వేడిగా తినగలుగుతుంది.

కాబట్టి ఈ రాత్రి భోజనాలు కాగానే టేపు తీసుకోండి. గది పొడవు, వెడల్పు, గుమ్మం వెడల్పు, ఇంట్లో తినేవారి సంఖ్య ఒక కాగితంమీద వ్రాయండి. ఆ సంఖ్యలో అమ్మను కూడా లెక్కించండి. ఆ కాగితం జేబులో పెట్టుకొని అంగడికైనా, వడ్రంగి దగ్గరికైనా వెళ్లండి.