పరుగులో కాదు, ఆగడంలో ఉన్నది ప్రగతి

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో 1912 నాటి రోల్స్‌రాయిస్ ‘సిల్వర్ ఘోస్ట్’ కారు ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దీనిని కోరి చేయించాడు. 1911లో ఆయన మరణించగా అది ఏడవ నిజాముకు చేరింది. ఈ రకపు కారు ఇంజను పరిమాణం సుమారు 7,400 ఘన సెంటీమీటర్లు. సామర్థ్యం మాత్రం దాదాపు 50 అశ్వశక్తి. నేడు గాంధీనగర్, నారాయణగూడ వీధులలో తిరిగే కుటుంబపు ఎస్.యు.వి.లో 1,500 ఘన సెంటీమీటర్ల ఇంజనే 100 అశ్వశక్తికి మించి ఇస్తున్నది.

అయితే అంతకన్న ముఖ్యమైన భేదం బ్రేకులలో ఉన్నది. పాత కారు బ్రేకులు వెనుక చక్రాలను మాత్రమే పట్టేవి. బ్రేకు పడగానే బండి బరువు ముందుకు మొగ్గుతుంది. వెనుక చక్రాలకు నేలపై పట్టు తగ్గి అవి సులభంగా జారుతాయి. నేటి కారులో నాలుగు చక్రాలకూ బ్రేకులున్నాయి. ఏదైనా చక్రం బిగుసుకొనిపోబోతే ఏ.బి.ఎస్. అనే ఏర్పాటు బ్రేకును లిప్తకాలం సడలించి, మళ్ళీ పట్టిస్తుంది. అందువలన బండిని పక్కకు మళ్ళించడానికి వీలుంటుంది.

కాని ప్రకృతి నియమం మారలేదు. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడిన తరువాత 5 మీటర్లలో ఆగే కారు, అదే బ్రేకుతో 60 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్లు పోతుంది. బ్రేకులు ఎంత మంచివైనా పాఠశాల ముందు వేగం తగ్గించవలసినది ఇందుకే.