మీకు తెలుసా? నగలోని నికెల్ చేయు కీడు

చర్మమునకు తగులుటచేత అలర్జీ గలిగించు లోహములలో నికెల్ అగ్రగణ్యము. గిల్టు నగలయందును, జీన్స్ గుండీలయందును ఉండు ఈ లోహము, చెమటచేత కొంచెము కొంచెముగా కరగి, అయానుల రూపమున చర్మమును జొచ్చి, అచ్చటి మాంసకృత్తులతో గూడి, దేహరక్షకములగు టి-కణములకు శత్రువువలె దోచుటచేత, ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట తగిలిన తావున దురదయు, ఎఱ్ఱదనమును, నీటిపొక్కులును పుట్టును. ఇట్లు ఆలస్యముగా బయలుపడుటచేతనే, పాపము, పెక్కుమంది కారణమెఱుగక సబ్బును నిందింతురు. ఒకమాఱు కలిగిన యీ గుణము సామాన్యముగా యావజ్జీవము నిలుచును. చెవులు కుట్టించుకొనిన వారియం దిది యధికము. కావున పసిపిల్లల చెవిగాయము మానువఱకైనను నికెల్ లేని పోగులే పెట్టుట మిక్కిలి యవసరము.

డెన్మార్కు దేశము ముందుగా నికెల్‌కు కట్టడి చేయగా, దాని ననుసరించి ఐరోపా సమాజము 1994లో, చర్మము నంటియుండు వస్తువులు వారమునకు చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్‌ను విడువరాదని శాసించినది. అటుపిమ్మట డెన్మార్కు యువతులలో ఈ బాధ తగ్గినది. నగను పరీక్షింపగోరి, అమోనియాతో గూడిన డైమిథైల్ గ్లయాక్సైమ్ ద్రావణమున తడిపిన దూదితో రుద్దినచో, నికెల్‌ను విడుచు నగ ఆ దూదిని గులాబివన్నెకు మార్చును.