గుండె దడ.. ఊపిరి ఆడదు.. ఈసీజీ మాత్రం నార్మల్! పానిక్ అటాక్‌లో అసలేం జరుగుతుంది?

రాత్రి రెండు గంటలు. కొల్లేరు దగ్గర చేపల చెరువు గట్టు మీద కాపలా ఉన్న ఓ రైతునే తీసుకోండి. కరెంటు ఉంది, ఏరియేటర్లు తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ప్రాణం పోతోందన్న భయం. ఏలూరు తీసుకొచ్చి ఈసీజీ తీస్తే అంతా నార్మల్. వారం తిరక్కుండా మళ్లీ అదే. ఇక తాడేపల్లిగూడెం బస్సెక్కాలన్నా భయమే! ఇలా పదేపదే వస్తూ, మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న దిగులు నెలకు పైగా వెంటాడితే అది పానిక్ డిజార్డర్ కావొచ్చు.

రెండు అలారాలు

ప్రమాదం ఎదురైతే మన ఒంట్లో రెండు అలారాలు మోగుతాయి. మొదటిది అడ్రినలిన్. క్షణాల్లో గుండె వేగం పెంచేస్తుంది. రెండోది కార్టిసాల్. మెదడు నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులకు సిగ్నల్ వెళ్లాలి కాబట్టి దీనికి కొన్ని నిమిషాలు పడుతుంది.

ట్విస్ట్ ఇక్కడే

పానిక్ వస్తే కార్టిసాల్ కూడా అమాంతం పెరగాలి కదా? కానీ ల్యాబ్‌లో సోడియం లాక్టేట్ ఎక్కించి అటాక్ తెప్పించినప్పుడు అది పెద్దగా పెరగలేదు. కొత్త చోటు, ఏం చేస్తారో తెలియని టెన్షన్ ఉన్నప్పుడు మాత్రం పెరిగినట్టు కనిపించింది. 1993లో జర్మనీలోని ట్రయర్ యూనివర్సిటీ ఓ పరీక్ష రూపొందించింది. కొత్తవాళ్ల ముందు మాట్లాడాలి, నోటి లెక్కలు చెయ్యాలి. ఇందులో పానిక్ బాధితుల కార్టిసాల్ మిగతావాళ్ల కంటే తక్కువే పెరిగిందని కొన్ని అధ్యయనాలు తేల్చాయి. అందుకే కార్టిసాల్ టెస్ట్ చేసి పానిక్ డిజార్డర్ ఉందో లేదో చెప్పలేరు. రిపోర్ట్ నార్మల్ వచ్చిందని 'నటిస్తున్నాడు' అనడం తప్పు.

ఏలూరు నేర్పిన పాఠం

అలాగని ప్రతిదీ 'భయమే' అని కొట్టిపారేయొద్దు. 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది ఫిట్స్, వాంతులతో పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాలు కారణమై ఉండొచ్చని నిపుణులు ఆ తర్వాత చెప్పారు. కాబట్టి ముందు పరీక్షలు, తర్వాతే పేరు.

ఏం చెయ్యాలి?

మొదటిసారి ఛాతీ నొప్పి, దడ వస్తే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. గుండె, థైరాయిడ్ బాగానే ఉన్నాయని తేలితే సైకియాట్రిస్టును కలవండి. కౌన్సెలింగ్, మందులతో చాలామందికి తగ్గుతుంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి కాల్ చెయ్యండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు.