కోబ్రా కారునకు ప్రతులు: ఏది కొనదగును?



తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయు లేఖకులు రెండు తెగలవారు. ఒకడు మాతృకలోని ప్రతి యక్షరమును ఉన్నది యున్నట్లు దింపును. వేఱొకడు చదువరి సౌకర్యమునకై దిద్దుచు వ్రాయును. ఏ ప్రతి గ్రాహ్యమన్నచో, దానిని ఎవరు ఏ పనికై కోరుచున్నారో తెలియనిదే ఉత్తరము చెప్పరాదు. పూర్వపు పందెపు కారులకు ప్రతిరూపములు చేయువారి విషయమును ఇట్టిదే.

కోబ్రా కారునే చూతము. ఇంగ్లండులోని ఏ.సీ. సంస్థవారి ఏస్ అను తేలిక కారులో, అమెరికా దేశీయుడగు కారల్ షెల్బీ 1962లో ఫోర్డువారి ఎనిమిది సిలిండర్ల ఇంజను నమర్పించెను. అదియే కోబ్రా. 1965లో ఏడు లీటర్ల ఇంజనుతో మఱియొక రూపము వెలువడెను. అన్నియు కలిపి ఇంచుమించు వేయి మాత్రమే తయారైనవి. మొట్టమొదటి కోబ్రా 2016లో వేలమున 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికెను. మాతృక ఇంత దుర్లభ మగుటచేతనే ప్రతులకు గిరాకి కలిగినది.

ఈ ప్రతులు చేయువారిలో ముగ్గురిని పోల్చి చూతము. యూటా రాష్ట్రమునందలి కిర్క్‌హామ్‌వారు అల్యూమినియపు రేకుతో, మాతృకను అడుగడుగున అనుసరించి చేయుదురు. వీరిది అక్షరము తప్పని లేఖకుని మార్గము, వెలయు నధికము. సూపర్ ఫార్మెన్స్‌వారి కారులు దక్షిణాఫ్రికాలో తయారగును. షెల్బీ సంస్థ అనుమతితో, ఫైబర్ గ్లాసు ఒడలితో, ఇంజనును గేరుపెట్టెయును తప్ప తక్కిన దంతయు కూర్చి వీరు పంపుదురు. మాసచూసెట్స్ రాష్ట్రమునందలి ఫ్యాక్టరీ ఫైవ్‌వారు భాగములను పెట్టెలలో పంపుదురు, కొన్నవాడే కూర్చుకొనవలెను. వీరి ఉక్కుగొట్టముల చట్రము మాతృకకు నకలు కాదు, వీరి స్వంత కల్పనము. ఫోర్డు మస్టాంగు కారు భాగములు దీనికి పనికివచ్చును గాన ఖర్చు తగ్గును.

ఇక నిర్ణయ మెట్లు? మొదట కొనువాడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. వందలకొలది గంటలు పనిముట్లు పట్టు ఓపికయు నేర్పును లేనివానికి పెట్టెల సరకు చవుక కాదు. పైగా ప్రకటించిన ధరలో ఇంజను, గేరుపెట్టె, రంగుపని మొదలైనవి చేరినవో లేవో విచారించి, మొత్తము ఖర్చును పోల్చవలెను.

ఇతరుడు కూర్చిన కారును కొనునప్పుడు తయారీదారుని పేరు చూచి మోసపోరాదు. భాగము లెంత మంచివైనను బ్రేకు గొట్టమును బిగించినది ఆ ఇతరుని చేయియే. బలమైన ఇంజను గల తేలిక కారున నట్టు వదులైనచో పోవునది ప్రాణము. కావున మెఱయు రంగును విడిచి, క్రిందికి వంగి చట్రపు అతుకులను, బ్రేకులను, స్టీరింగును తెలిసినవానిచే పరీక్ష చేయింపవలెను. ఆసనమున కూర్చుండి పాదములకు చోటు చాలునో లేదో చూచుకొనవలెను. ప్రక్కగా పోవు పొగగొట్టములు దిగువాని కాళ్లను కాల్చునవి. ఆ సంగతియు మఱవరాదు.

కడపట నొక్కమాట. తాను ప్రతినని చెప్పుకొను ప్రతికి దోషము లేదు. దొంగ సంఖ్య తగిలించుకొని మాతృకనని చెప్పునదే దోషము. తన కారులో ఏది మాతృకకు నకలో, ఏది తాను మార్చినదో అడుగకయే చెప్పు తయారీదారుని వద్దనే కొనుట మేలు.