ఇల్లాలి పద్దుపుస్తకము

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమన్నది పాత సామెత. ఇంటి తీరునుబట్టి ఇల్లాలి నేర్పును తెలిసికొనవచ్చునని దాని భావము. ఈ సామెతలో నిజమెంత కలదో అన్యాయమును అంత కలదు. ఇల్లు దిద్దుకొనుటకు ఆమె చేతికి వచ్చిన సొమ్మెంత అని సామెత అడుగదు. వారము గడువక మునుపే బియ్యము నిండుకొనినను, నెలాఖరున చేబదులు పుచ్చుకొనవలసి వచ్చినను, నింద మొదట ఆమె పొదుపు మీదికే పోవును. ఆ నింద న్యాయమో కాదో తేల్చగల సాక్షి ఒకటి కలదు. అది పద్దుపుస్తకము.

ఈ సాక్ష్యమును లోకము ముందుంచిన వారిలో లండను నగరమందలి లాంబెత్ పేట ఇల్లాండ్రు ముఖ్యులు. 1909 మొదలు 1913 వరకు ఫేబియన్ మహిళాసంఘమువారు ఆ పేటలోని కొన్ని కుటుంబములను వారము వారము దర్శించి, తల్లులచేత జమాఖర్చులు వ్రాయించిరి. అవి త్రాగుబోతుల ఇండ్లు కావు. సోమరుల ఇండ్లును కావు. భర్తలు క్రమముగా పనికి పోవువారే. వారి కూలి వారమునకు రమారమి ఒక పౌను. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. వ్రాత చక్కగా రాని తల్లులకు భర్తయో, బడికి పోవు బిడ్డయో కలము పట్టి తోడ్పడెను. ఆ పద్దులను మాడ్ పెంబర్ రీవ్స్ అను విదుషి 1913లో గ్రంథముగా వెలువరించెను.

ఆ పద్దులలోని సంగతులు చదువరులను ఆలోచింపజేసెను. కూలిలో ఇంచుమించు మూడవవంతు అద్దెకే పోవుచుండెను. బొగ్గు ఒక్కమారుగా ఎక్కువ కొనినచో చౌక. కాని అంత పైకము ఒక్కమారు చేతనుండదు, బొగ్గును దాచుటకు చోటును ఉండదు. కావున కొంచెము కొంచెముగా హెచ్చు ధరకు కొనవలసి వచ్చుచుండెను. బిడ్డకు ఒక పెన్నీ వంతున వారము వారము అంత్యక్రియల బీమా కట్టుచుండిరి. తినుటకే చాలని ఇంట చావుకు సొమ్ము కట్టుట అవివేకమని పలువురు విమర్శించిరి. కాని పసిపిల్లల మరణములు తరచుగా సంభవించు ఆ వీథులలో, బిడ్డను ధర్మఖర్చుతో పూడ్పించుట ఆ తల్లులకు సహింపరాని అవమానము. చూపరులకు వృథావ్యయముగా తోచినది వారికి అద్దెవలె తప్పనిసరి వ్యయము.

హితబోధకులు మరియొక సలహా నిచ్చిరి. రొట్టెకు బదులు ఓట్సు జావ కాచి పెట్టినచో చౌకయు, బలమును అని చెప్పిరి. కాగితము మీద ఆ మాట సరియైనదే. కాని జావ మాడకుండ కాచుటకు మంచి గిన్నె వలెను, పొయ్యికడ నిలుచు తీరిక వలెను. పాలు పంచదార లేనిచో పిల్లలు నోట పెట్టరు. పాలు పంచదార కొనినచో చౌకదనము పోవును. ఇంటి పద్దును ఇంటివారి పొయ్యి, గిన్నె, పిల్లల నాలుక, తల్లి ఓపిక వీనిని చూచి వేయవలెను గాని, పొరుగువారి బుద్ధిబలముతో వేయరాదని లాంబెత్ ఇల్లాండ్ర అనుభవము తెలుపుచున్నది.

ఆ కాలముననే యార్కు నగరములో మరియొక లెక్క జరిగెను. చాకొలేటు వ్యాపారము చేయు కుటుంబమున పుట్టిన సీబోమ్ రౌన్‌ట్రీ 1899లో 11,560 కుటుంబముల స్థితిగతులను విచారించి, 1901లో వాని ఫలితములను ప్రకటించెను. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు గల కుటుంబము ఒంటి సత్తువ నిలుపుకొనుటకు వారమునకు కనీసమెంత కావలెనో ఆయన గణించెను. ఆహారమునకు 12 షిల్లింగుల 9 పెన్నీలు, అద్దెకు 4 షిల్లింగులు, బట్టలకు 2 షిల్లింగుల 3 పెన్నీలు, బొగ్గుకు 1 షిల్లింగు 10 పెన్నీలు, తక్కిన చిల్లరకు 10 పెన్నీలు. వెరసి 21 షిల్లింగుల 8 పెన్నీలు. ఇందులో వార్తాపత్రికకు చోటు లేదు. జాబు వ్రాసికొనుటకు తపాలాబిళ్ళ లేదు. పిల్లవానికి బొమ్మ లేదు. మనుష్యులు నిజముగా ఇట్లు బ్రతుకరని రౌన్‌ట్రీ ఎరుగును. ఇంత కఠినముగా గీత గీసినను, ఆ గీతకు దిగువనున్నవారు ఆ నగర జనమున నూటికి ఇంచుమించు 10 మంది కలరని చూపుటయే ఆయన ఉద్దేశము. అదే నగరమున 1936లో మరల విచారణ జరిపినపుడు ఆయన తన కొలతను సడలించెను. వార్తాపత్రిక, రేడియో, చిన్నచిన్న వినోదములు ఆనాటి లెక్కలో అవసరముల వరుసలోనికి వచ్చెను. ఆనందమునకు ఒక కాసైన కేటాయింపని పద్దును ఏ కుటుంబమును పాటింపజాలదు.

తెలుగు ఉపాధ్యాయుని ఇల్లు లాంబెత్ కాదు. ఇచట జీతము నెలకొకమారు వచ్చును. సంతయు కూరగాయలును మాత్రము వారమునకొకమారు వచ్చును. చిక్కు ఇచటనే కలదు. నెలకు నాలుగు వారములని నోటి లెక్క వేయుట అందరికిని అలవాటు. పన్నెండు నెలలకు ఆ ప్రకారము 48 వారములగును. సంవత్సరమునకు వారములు 52. లెక్కకు రాని ఆ నాలుగు వారములే నెలనెలా రెండు మూడు దినములుగా చీలి, నెలాఖరు కటకటగా పరిణమించుచున్నవి. ఇది ఇల్లాలి దుబారా కాదు, భాగహారములోని తప్పు.

ఉదాహరణకు, నలుగురు గల ఒక ఊహాకుటుంబమునకు నెలకు చేతికందు జీతము 40,000 రూపాయలనుకొనవచ్చును. నాలుగుతో భాగించినచో వారమునకు 10,000. పన్నెండుతో గుణించి 52తో భాగించినచో 9,230 మాత్రమే. ఇంటద్దె, విద్యుత్తు, వంటగ్యాసు, టెలిఫోను, అప్పు వాయిదా కలిసి నెలకు 15,600 అనుకొనినచో, వారమునకు 3,600 ముందే తీసివేయవలెను. 

ఇక సంవత్సరమునకొకమారు వచ్చిపడు ఖర్చులు కలవు. వానిని మరచిపోవుటయే పద్దులకు పట్టు పెద్ద చీడ. జూన్ మాసములో బడి రుసుములు, పుస్తకములు 36,000, సంక్రాంతికి, ఉగాదికి బట్టలు 18,000, బీమా 12,000, వేసవిలో ఆవకాయకు, ఏడాది మిరపకాయలకు, చింతపండుకు 8,000, పెండ్లిండ్లు, చదివింపులు, ప్రయాణములు 15,000, వైద్యము 15,000. మొత్తము 1,04,000. వారమునకు సరిగా 2,000. జూన్ నెలలో బడి తెరచుట ఆకస్మిక విపత్తు కాదు. అది ఏటేట వచ్చు అతిథి. అయినను పలు ఇండ్లలో దానిని అప్పుతోనే ఎదుర్కొందురు. వారము వారము 2,000 వేరుగా తీసి ఉంచిన ఇంట ఆ అప్పు అక్కరలేదు.

ఈ రెండు తీసివేతలైన పిమ్మట మిగులునది 3,630. అందులో బియ్యము పచారీ సామానులకు 1,200, పాలకు 520, కూరగాయలు పండ్లకు 600, గ్రుడ్లు మాంసములకు 350, రాకపోకలకు 400, పత్రికకు, పిల్లల తినుబండారములకు, ఇతర చిల్లరకు 260, వెరసి 3,330. మిగులు 300. జీతమును నాలుగుతో భాగించి, ఏటేటి ఖర్చులను మరచిన గృహస్థునకు, అద్దె మొదలైనవి పోను వారమునకు 6,100 చేతనున్నట్లు తోచును. ఉన్నది నిజముగా 3,630. ఈ వ్యత్యాసములోనే అప్పు చేసి పప్పుకూడు తినుట మొదలగును.

భారత ప్రభుత్వమువారు జరుపు గృహవినియోగ వ్యయ సర్వేలోను ఈ వివేకమే కానవచ్చును. కూరగాయలు, పండ్లు, మాంసము వంటివానికి గడచిన 7 దినముల లెక్కను అడుగుదురు. బట్టలు, చెప్పులు, చదువు వంటివానికి 365 దినముల లెక్కను అడుగుదురు. వంకాయలు ఎంతకు కొనిరో వారము దాటినచో జ్ఞాపకముండదు. చీర కొనిన సంగతి వారములో కానరాదు. గృహస్థుడును తన పద్దును ఇట్లే రెండు తరగతులుగా వ్రాసికొనవలెను. మొదటి నాలుగు వారములు ఏ నియమమును పెట్టుకొనక, జరిగిన ఖర్చును జరిగినట్లు ఆ సాయంకాలమే వ్రాయుట మేలు. సెల్‌ఫోనుతో చెల్లించిన పైకము చేతినుండి జారినట్లే తెలియదు గనుక దానిని మరింత జాగ్రత్తగా ఎక్కించుకొనవలెను. ఐదవ వారమున గాని కేటాయింపులు ఆరంభింపరాదు. ఉండవలసిన ఖర్చునుండి కాక, ఉన్న ఖర్చునుండి బయలుదేరిన పద్దే నిలుచును.

ఇట్టి పద్దులు ఇంటి గోడలు దాటి రాజ్యవ్యవహారములకును ఆధారమగును. ప్రభుత్వోద్యోగుల కరువు భత్యమునకు మూలమైన వినియోగ ధరల సూచీ కార్మిక కుటుంబముల వ్యయవిచారణల మీదనే నిర్మింపబడినది. 1960 సంవత్సరమును ఆధారముగా గొన్న సూచీకి 1958, 1959 సంవత్సరములలో జరిగిన కుటుంబ విచారణలు పునాది. ఏ ఇల్లాలో చెప్పిన ఉప్పు పప్పుల లెక్కలే ఉపాధ్యాయుని జీతపు చీటీలో అంకెలై తిరిగి వచ్చుచున్నవి.

ఆదాయము తగ్గినకొలది ఆహారమునకు పోవు పాలు పెరుగునని 1857లో జర్మను గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ నిరూపించెను. మన దేశములో 1999-2000లో పల్లెవాసుల వ్యయమున ఆహారపు పాలు నూటికి 59. 2022-23 నాటికి అది 46 అయినది. పట్టణములలో 48 నుండి 39కి దిగినది. పై ఊహాకుటుంబములో, ఏడాది ఊరగాయతో కలిపి, ఆహారమునకు వారమునకు సుమారు 2,824. అనగా నూటికి ఇంచుమించు 30 పాళ్ళు. నెలకు 15,000తో ప్రైవేటు బడిలో పాఠములు చెప్పు ఉపాధ్యాయిని ఇంటికి ఆమె జీతమే ఆధారమైనచో, వారమునకు వచ్చునది 3,461. ఆమె అవే బియ్యము, అవే పాలు, అవే పండ్లు కొనినచో నూటికి 81 పాళ్ళు పొయ్యికే పోవును. అప్పుడు అద్దెకు గతి లేదు. కావున ఆమె మొదట పండ్లు మానును, పిమ్మట పాలు తగ్గించును. ఇరువురి నేర్పును ఒకే తూనికతో తూచుట ధర్మము కాదు.

శాతములు, సగటులు బోధించు తరగతిలో ఈ పద్దు మంచి పాఠమగును. అయితే విద్యార్థుల ఇండ్ల లెక్కలను అందరి ముందర చదివించరాదు. పేదరికము బయటపడిన పసివాడు ఆ గణితమును జీవితాంతము ద్వేషించును. ఊహాకుటుంబము నొకదానిని నల్లబల్ల మీద వ్రాసి, జీతమును 40,000 నుండి 15,000కు దింపి, ఏ పద్దు కొట్టివేయుదురో పిల్లలనే అడుగవచ్చును. పాలు కొట్టివేయుటా, పుస్తకములు కొట్టివేయుటా అని వారు తర్కించుకొనునపుడు, తమ ఇండ్లలో రాత్రివేళ జరుగు తర్కము వారికి బోధపడును.

పద్దుపుస్తకము సొమ్మును సృష్టింపజాలదు. దుబారా ఉన్నచోట దుబారాను చూపును. ఆదాయమే చాలనిచోట ఆ సంగతిని దాచక చెప్పును. లాంబెత్ తల్లులు తప్పులతడక వ్రాతలో పెన్నీ పెన్నీ ఎక్కించి చూపిన సత్యమదియే. ఇల్లు చూచి ఇల్లాలిని నిర్ణయింపబోవువారు, అంతకు ముందు ఆమె పద్దును ఒకమారు చూడవలెను.