స్పానిష్‌లో ‘మా ఇల్లు’ ఎందుకు ఆడమాట?

ఇద్దరు అబ్బాయిలు తమ ఇంటిని చూపిస్తూ ‘న్వెస్త్రా కాసా’ అంటారు. ఇద్దరూ మగపిల్లలే, మరి ‘న్వెస్త్రా’ అనే స్త్రీలింగ రూపం ఎందుకు? స్పానిష్‌లో ‘కాసా’, అంటే ఇల్లు, స్త్రీలింగం. ‘మా’ అనే మాట సొంతదారును కాదు, వస్తువును అనుసరిస్తుంది. పుస్తకమైతే ‘న్వెస్త్రో లిబ్రో’, పుస్తకాలైతే ‘న్వెస్త్రోస్ లిబ్రోస్’. ‘మి’ (నా), ‘తు’ (నీ), ‘సు’ (అతని, ఆమె) అనే మాటలకు లింగం పట్టింపు లేదు, వస్తువులు ఎక్కువైతే చివర ‘స్’ చేరుతుంది, అంతే.

అసలు చిక్కంతా ‘సు’తోనే. ‘సు కాసా’ అంటే అతని ఇల్లు, ఆమె ఇల్లు, వాళ్ల ఇల్లు, గౌరవంగా మీ ఇల్లు, ఏదైనా కావచ్చు! తెలుగులో ‘ఆమె ఇల్లు’ అనగానే ఎవరిదో తెలిసిపోతుంది. స్పానిష్‌వాళ్లు అనుమానం వస్తే ‘లా కాసా దె ఎయా’ (ఆమె ఇల్లు) అని విడమరిచి చెబుతారు. ఇక తలనొప్పి వస్తే మాత్రం సాధారణంగా ‘మి’ కూడా వాడరు, ‘నా తల’ అనరు. ‘మె ద్వెలె లా కబేసా’ (నాకు తల నొప్పిగా ఉంది) చాలు. నొప్పి ఎవరిదో ‘నాకు’ అనే ఆ ‘మె’ చెప్పేస్తుంది.