స్కాన్ తీస్తే బిడ్డకేమైనా అవుతుందా?

నెల తప్పిన దగ్గర్నుంచి కాన్పు దాకా నాలుగైదు స్కాన్లు మామూలైపోయాయి. తీసిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరికి అదే బెంగ... ఆ కిరణాలు పసిగుడ్డుకి తగిలితే? ఆ బెంగ ఎక్కడ పుట్టింది? పరిశోధనలు ఏం తేల్చాయి? నిజంగా జాగ్రత్తపడాల్సింది ఎక్కడ?

కృష్ణా జిల్లా మొవ్వ మండలం కూచిపూడి. నాట్యంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఊరు. ఇక్కడైనా, ఆ పక్కన పామర్రు, చల్లపల్లిలోనైనా కడుపుతో ఉన్న అమ్మాయి ఆసుపత్రికి వెళ్ళొస్తే ఇంట్లో మొదటి ప్రశ్న ‘స్కానింగ్ తీశారా?’ అనే. ఆ వెంటనే రెండోది: ‘మళ్ళీనా? ఇన్నిసార్లు తీస్తే బిడ్డకి కిరణాలు తగలవూ?’ ఇవేవీ లేకుండానే మేం కనలేదా అని అమ్మమ్మో నాయనమ్మో దీర్ఘం తీస్తుంది.

ఆ మాటను తేలిగ్గా తీసిపారేయనక్కర్లేదు. గ్రహణం పట్టిన పూట కడుపుతో ఉన్న కోడల్ని గడప దాటనివ్వని ఇళ్ళు మనవి. కంటికి కనపడనిదేదో లోపలి బిడ్డకి చేటు చేస్తుందన్న జాగ్రత్త స్కాన్ యంత్రం కన్నా ఎంతో పాతది. బిడ్డ చీలిన పెదవితో పుడితే నెపం గ్రహణం మీదికి పోయేది. ఇప్పుడు ఆ చీలికను చాలావరకు అయిదో నెలలోనే చూపించి, పుట్టాక ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో తల్లిదండ్రులు ముందే డాక్టరుతో మాట్లాడుకునే వీలు కల్పిస్తున్నది ఈ స్కానే.

భయం ఊరికే పుట్టలేదు

గర్భిణుల కడుపును లోపలికంటా చూడటానికి డాక్టర్లు మొదట వాడింది ఎక్స్‌రేనే. బిడ్డ తల ఎటుంది, కవలలా అన్నది తెలుసుకోవడానికి తీసేవారు. అది ఏం చేస్తోందో పట్టుకున్నది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన ఆలిస్ స్టీవర్ట్. క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల తల్లులను, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులను అవే ప్రశ్నలు అడిగించి పోల్చి చూశారు ఆవిడ. కడుపులో ఉండగా ఎక్స్‌రే పడిన పిల్లల్లో క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు ఉందని తేలింది. 1956లో తొలి ఫలితాలు, 1958లో పూర్తి నివేదిక వచ్చాయి. అయినా వైద్యలోకం ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది.

అదే 1958 జూన్‌లో గ్లాస్గో డాక్టరు ఇయాన్ డొనాల్డ్, జాన్ మెక్‌వికర్, ఇంజినీరు టామ్ బ్రౌన్ కలిసి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వేశారు. ఇనుములో పగుళ్ళు కనిపెట్టడానికి కర్మాగారాల్లో వాడే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని వాళ్ళు మనిషి కడుపు మీదికి తెచ్చారు. నయంకాని క్యాన్సర్ అని వదిలేసిన ఒకావిడ కడుపులో ఉన్నది పెద్ద నీటితిత్తి మాత్రమేనని ఆ యంత్రం చూపించింది. ఆపరేషన్‌తో ఆవిడ బతికింది. గర్భిణుల స్కాన్‌కు దారి పడింది అక్కడే.

ఎక్స్‌రే దెబ్బ తిన్న కాలంలోనే అల్ట్రాసౌండ్ అడుగుపెట్టింది కాబట్టి పాత భయం కొత్త యంత్రాన్నీ అంటుకుంది. మన ఊళ్ళలో రెండూ చాలాచోట్ల ఒకే ల్యాబులో, పక్కపక్క గదుల్లో తీస్తారు. జనం రెంటినీ ఒకే గాటన కట్టేయడంలో వింతేముంది?

లోపలికి వెళ్ళేది ధ్వని

నూతిలోకి వంగి కేకేస్తే ఆ కేక తిరిగొస్తుంది. స్కాన్ చేసే పనీ అదే. కాకపోతే మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకానే వినగలదు, పొట్ట మీద పెట్టే ప్రోబ్ పంపే ధ్వని పదుల లక్షల కంపనాలది. పొట్టకి, ప్రోబ్‌కి మధ్య గాలి ఉంటే ఆ ధ్వని అక్కడే వెనక్కి తిరిగిపోతుంది. చల్లటి జెల్ రాసేది అందుకే. మామూలు స్కాన్‌లో యంత్రం ధ్వనిని పంపే సమయం నూటికి ఒక వంతు కూడా ఉండదు. మిగతా కాలమంతా తిరిగొచ్చేదాన్ని వింటూ ఉంటుంది.

ఎక్స్‌రేకి అణువులను చీల్చే శక్తి ఉంది, జన్యువులను దెబ్బతీయగలదు. ధ్వనికి ఆ శక్తి లేదు. అలాగని దానికి ఏ ప్రభావమూ లేదనడం తప్పు. ధ్వని తగిలినచోట శరీరం కాస్త వేడెక్కుతుంది, ఎముక దగ్గర ఆ వేడి ఎక్కువ. ఉష్ణోగ్రత 1.5 డిగ్రీల లోపు పెరిగితే సందేహించక్కర్లేదనీ, 4 డిగ్రీలు పెరిగి 5 నిమిషాలు నిలిస్తే ప్రమాదమనీ అంతర్జాతీయ అల్ట్రాసౌండ్ నిపుణుల సమాఖ్య 1998లో చెప్పింది. తెర మీద ‘టీఐ’ అన్న అంకె ఈ వేడికి, ‘ఎంఐ’ అన్నది ధ్వని కలిగించే ఒత్తిడికి గుర్తులు.

పిల్లలు పెద్దయ్యాక చూస్తే...

నార్వేలో కడుపులో స్కాన్ అయిన పిల్లల్ని, కానివాళ్ళని ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసులో పోల్చిచూశారు. చదవడంలో, రాయడంలో తేడా కనపడలేదు. మగపిల్లల్లో ఎడమచేతివాటం మాత్రం కొద్దిగా ఎక్కువ కనిపించింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2,800 మందికి పైగా తల్లులతో చేసిన పరిశోధన 1993లో కొంత కలవరపెట్టింది. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌తో కలిపి అయిదుసార్లు స్కాన్ చేసినవాళ్ళకి కాస్త చిన్న బిడ్డలు ఎక్కువగా పుట్టారు. అయితే ఆ పిల్లల్నే ఎనిమిదేళ్ళ దాకా గమనించి 2004లో మళ్ళీ నివేదిక ఇచ్చారు. ఏడాది నిండేసరికే ఆ తేడా పోయింది, ఎదుగుదలలో అందరూ సమానంగానే ఉన్నారు.

2006లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఎలుకల మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. అరగంట, అంతకు మించి ధ్వని సోకిన ఎలుకపిల్లల మెదడులో కొన్ని కణాలు చేరాల్సిన చోటికి చేరలేదు. ఎలుక పిండం చాలా చిన్నది, ధ్వని దాని మెదడంతటి మీదా అంతసేపు ఆగకుండా పడింది. కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా మనిషికి అంటగట్టలేం. కానీ పని అయ్యాక ప్రోబ్ ఊరికే ఆనించి ఉంచొద్దని మాత్రం అది గట్టిగా చెప్పింది. ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చేసిన సమీక్ష 2009లో వెలువడింది. తల్లికిగానీ, బిడ్డకిగానీ హాని జరిగిన దాఖలా లేదని తేల్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గర్భస్థ శిశువు స్కాన్‌లో వాడగల ధ్వని తీవ్రతకు అమెరికా ప్రభుత్వం ఒకప్పుడు పెట్టిన పరిమితి చదరపు సెంటీమీటరుకు 94 మిల్లీవాట్లు. టీఐ, ఎంఐ అంకెలు తెర మీద చూపించాలన్న షరతుతో 1990ల మొదట్లో దాన్ని 720కి పెంచారు. పై పరిశోధనల్లో ఎక్కువభాగం ఆ పెంపుకు ముందు యంత్రాలతో చేసినవి. అందుకే నిపుణులు ‘ప్రమాదం లేదు, ఎన్నైనా తీయండి’ అనరు. ‘అవసరమైనంతే, వీలైనంత తక్కువ తీవ్రతతో, తక్కువసేపు’ అంటారు. మూడో నెల చివర తీసే స్కాన్‌లో డాప్లర్‌ను అందరికీ అలవాటుగా వాడొద్దనేదీ ఇందుకే. డాప్లర్ ధ్వనిని ఒకేచోట కేంద్రీకరిస్తుంది, బిడ్డ ఆ వయసులో మరీ లేత.

ముచ్చట కోసం తీసే స్కాన్

కూచిపూడిలో సంజీవని ఆసుపత్రిని కట్టించింది అమెరికా తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర. డెల్టాలో చాలా ఇళ్ళకి అమెరికాలో కూతురో కోడలో ఉన్నారు. అక్కడి నుంచి ఫోనుకి బిడ్డ ముఖం త్రీడీ వీడియోగా వస్తుంది. ఆడో మగో తెలిశాక బంధుమిత్రులతో పార్టీ చేసుకున్న ఫొటోలూ వస్తాయి. వైద్య అవసరం లేకుండా జ్ఞాపకం కోసం వీడియోలు తీయించుకోవద్దని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లోనూ హెచ్చరించింది. అలాంటి దుకాణాల్లో ఎంతసేపు తీస్తారో, తీసేవారికి ఏపాటి శిక్షణ ఉందో తెలియదన్నది దాని అభ్యంతరం.

అమెరికాలో పార్టీ చేసుకునే సంగతే మన దగ్గర నేరం. లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చి 1996 జనవరి 1 నుంచి అమలైంది, 2003లో మరింత కట్టుదిట్టమైంది. ఆడో మగో మాటతో చెప్పినా, సైగ చేసినా, మరే విధంగా తెలియజేసినా తప్పే. ఒక్క హస్తముద్రతో కథ చెప్పగల కూచిపూడికి సైగ అంటే ఏమిటో వేరే వివరించాలా? మొదటి తప్పుకే మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా పడొచ్చు. గర్భిణి మీద ఒత్తిడి తెచ్చింది భర్త, బంధువులేనన్న భావనతోనే చట్టం మొదలవుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాళ్ళే.

చట్టం ఉన్నా ఏం జరిగిందో జనాభా లెక్కలు చెబుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి 2001లో 961 మంది ఆడపిల్లలుండేవారు. 2011 నాటికి ఆ సంఖ్య 939కి పడిపోయింది. స్కాన్ వల్ల పుట్టకముందే ప్రాణం పోయిన బిడ్డలు మన దగ్గర ఉన్నారు. వాళ్ళని తీసుకెళ్ళింది ధ్వని తరంగాలు కావు, ఆ గదిలో జరిగిన బేరం.

వద్దనుకుంటే నష్టం ఎవరికి?

భయపడి మొత్తానికే మానేయడం ఇంకో చివర. 24 వారాల లోపు కనీసం ఒక స్కాన్ ప్రతి గర్భిణికీ జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫార్సు చేసింది. నెలలు సరిగ్గా లెక్కగట్టడానికి, కవలలను గుర్తించడానికి, బిడ్డ అవయవ లోపాలు పట్టుకోవడానికి అది కావాలి. మన డాక్టర్లు అయిదో నెలలో రాసే టిఫా స్కాన్ ఆ లోపాల కోసమే. ఆలస్యం చేస్తే చిక్కు: పెద్ద లోపం బయటపడి గర్భం తొలగించాల్సి వస్తే 24 వారాలు దాటాక చట్టప్రకారం వైద్యుల బోర్డు అనుమతి తీసుకోవాలి. డబ్బు లేదని మానేయనక్కర్లేదు. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతుంది.

బీపీ, షుగర్, కవలలు, ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ ఎదగకపోవడం లాంటివి ఉంటే మూడు కాదు, ఆరు స్కాన్లు కావాల్సి రావచ్చు. ఏ చిక్కూ లేనప్పుడు నెలనెలా తీయించుకుంటే ఖర్చూ కంగారూ తప్ప ఒరిగేది తక్కువ. కాబట్టి ‘ఎన్నిసార్లు?’ అని లెక్కపెట్టుకునే ఇంట్లోవాళ్ళు ‘ఎందుకు?’ అని అడగడం నేర్చుకోవాలి. జవాబు చెప్పగల డాక్టరు రాసిన స్కాన్‌కి భయపడక్కర్లేదు.

డాక్టరుగారిని ఇవి అడగండి

- ఈ స్కాన్‌లో ఏం చూడబోతున్నారు? ఫలితాన్ని బట్టి వైద్యంలో ఏమైనా మారుతుందా?
- పోయినసారి రిపోర్టు సరిపోదా? పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్ళండి.
- మూడో నెలలో డాప్లర్ రాస్తే, కారణం ఏమిటి?
- జ్వరంగా ఉంటే ముందే చెప్పండి. స్కాన్‌తో వచ్చే వేడి కన్నా తల్లికి వచ్చే జ్వరం బిడ్డకి పెద్ద సమస్య.
- ఆడో మగో మాత్రం అడగొద్దు. ఎవరైనా చెబుతామంటే ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి.